రెండు ఎర్రసముద్రం ట్రిప్పులు, బోలెడు అద్దె గేర్, చివరికి నేను కొన్నవి

స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా అయిపోయి లాగ్‌బుక్‌లో 22 డైవ్‌లు చేరేసరికి నా బుర్రలో టెక్ డైవింగ్ (మామూలు డైవింగ్ హద్దులు దాటి ఇంకా లోతుకి దిగడం) పురుగు దూరింది. వీపున జంట సిలిండర్లు, పక్కన తగిలించే అదనపు స్టేజ్ బాటిళ్లు, ఆ ఫొటోలు చూసి చూసి, ఎలాగూ అటే వెళ్తాం కదా, ఇప్పుడే ఆ గేర్ కొనేస్తే రెండోసారి ఖర్చు తప్పుతుంది అని లెక్కలు వేసుకున్నాను. మా తమ్ముడు మాత్రం, "అన్నయ్యా, ముందు రెండు ట్రిప్పులు అద్దె గేర్‌తో చెయ్యి, ఎక్కడ గుచ్చుకుంటుందో నీకే తెలుస్తుంది" అన్నాడు. వాడికి నాకంటే వంద డైవ్‌లు ఎక్కువ, అందుకని నోరు మూసుకుని విన్నాను. మొదటి ట్రిప్పు దహబ్, ఆరు నెలల తర్వాత రెండోది హుర్ఘాదా నుంచి లైవ్‌అబోర్డ్, అంటే వారమంతా అందులోనే ఉంటూ డైవ్ చేసే పడవ. రెండూ ఈజిప్టే, రెండూ ఎర్రసముద్రమే, కానీ గేర్ విషయంలో నేర్పిన పాఠాలకు పొంతనే లేదు.

దహబ్‌లో డైవింగ్ దాదాపు అంతా ఒడ్డు నుంచే. బండి దిగి అక్కడే గేర్ తగిలించుకుని, రాళ్ల మీద నడుచుకుంటూ నీళ్లలోకి దిగాలి. మొదటి తప్పు అక్కడే బయటపడింది. కోర్సప్పుడు ముచ్చటపడి చెప్పులా తొడుక్కునే ఫిన్స్ కొన్నాను, అవి ఉత్త కాళ్లకే పడతాయి. ఆ రాళ్ల మీద ఉత్త కాళ్లతో, వీపున పదిహేను కిలోల అల్యూమినియం సిలిండర్‌తో నడిచి చూడండి. మర్నాటి నుంచి బూట్లు, వాటి మీదికి పట్టీ ఉన్న ఫిన్స్ అద్దెకి. కొత్తవాళ్లు మొదట కొనేది ఫిన్సే కాబట్టి ఇది ముందే చెప్తున్నాను.

మేం దిగిన చోటే కింద డైవ్ సెంటర్, పైన గదులు. సౌకర్యం చెప్పక్కర్లేదు, నిద్రలేచి మెట్లు దిగితే గేర్ గది. ఆ గదిలోనే తేడా ఉంది. నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్లన్నీ తడితడిగా ఒకదాని మీద ఒకటి, కడిగే తొట్టిలో అడుగున ఇసుక, సిలిండర్ గాలి పీల్చుకునే రెగ్యులేటర్ మౌత్‌పీస్ మీద ఎవరివో పళ్ల గాట్లు. రెండో రోజు లైట్‌హౌస్ అనే డైవ్ చోటు దగ్గర పన్నెండు మీటర్ల లోతులో ఉన్నాను, నేను ఏ బటనూ నొక్కకుండానే జాకెట్ మెల్లగా బిగుసుకోవడం మొదలుపెట్టింది. జాకెట్‌లోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ ఇరుక్కుపోయి గాలి లోపలికి కారుతూ ఉంది. గాలి వదులుతూ ఉంటే సరిపోలేదు, తమ్ముడు వచ్చి ఇన్‌ఫ్లేటర్ గొట్టం కనెక్టర్‌ని వెనక్కి లాగి ఊడదీశాడు, అక్కడితో ఆగింది. కోర్సులో నేర్చుకున్నదే, కానీ గుండె దడదడలాడుతున్నప్పుడు చెయ్యి ఆ కనెక్టర్ దగ్గరికి వెళ్లదు. పైకొచ్చి చెప్తే కౌంటర్‌లో అతను "అప్పుడప్పుడు అలా అవుతుంది" అని ఇంకో జాకెట్ చేతిలో పెట్టాడు, అంతే.

మూడో రోజు సెంటర్ మార్చేశాం. గది అక్కడే ఉంచుకుని డైవింగ్ వేరేచోట, రోజూ పది నిమిషాల నడక. రెండోది చిన్నది, కానీ టెక్ కోర్సులు చెప్పే చోటు. ప్రతి రెగ్యులేటర్‌కీ నంబరు, చివరిసారి సర్వీస్ చేసిన తేదీతో చీటీ. నైట్రాక్స్ (ఆక్సిజన్ శాతం పెంచిన గాలి) సిలిండర్ ఇస్తే మనమే ఆక్సిజన్ శాతం కొలిచి, 32 అని, దాంతో వెళ్లదగ్గ గరిష్ఠ లోతు 33 మీటర్లు అని టేపు మీద రాసి సంతకం పెట్టాలి, పెట్టందే బండి ఎక్కనివ్వరు. బస, గేర్ ఒకేచోట అనే సౌకర్యం కన్నా ఇది వందరెట్లు నయం. ఎక్కడికి వెళ్లినా డబ్బు కట్టేముందు గేర్ గది, కడిగే తొట్టి ఒకసారి చూసి రండి, గదుల ఫొటోలు తర్వాత చూసుకోవచ్చు.

అక్కడే మొదటిసారి బ్యాక్‌ప్లేట్, వింగ్ వేసుకున్నాను. వీపుకి ఒక లోహపు పలక, దానికి ఏకంగా ఒకే పట్టీతో అల్లిన హార్నెస్, పలకకీ సిలిండర్‌కీ మధ్య గాలి నిండే తిత్తి. అంతే సంగతి, మెత్తలు లేవు, జేబులు లేవు. చూడ్డానికి బీదగా ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ ఆ పట్టీలు సరిచేయడానికి ముప్పావుగంట పట్టింది. భుజం పట్టీ కింద అరచెయ్యి దూరేంత వదులుండాలి, నడుం పట్టీ బొడ్డుకి కాస్త కింద, కాళ్ల సందులోంచి వచ్చే పట్టీ ప్లేటు పైకి జారకుండా పట్టుకునేంత. ఇదేం టైలర్ షాపురా అనుకున్నాను. నీళ్లలోకి దిగాక అర్థమైంది. అద్దె జాకెట్ గాలి నింపితే పొట్ట నొక్కేది, ఒళ్లు ఒక పక్క తిరిగితే అది ఇంకో పక్క తిరిగేది. ఇది ఒంటికి అతుక్కున్నట్టుంది. పైగా ఉక్కు ప్లేటే రెండున్నర కిలోల పైన ఉంటుంది కాబట్టి, ఐదు మిల్లీమీటర్ల సూట్‌తో మునగడానికి నేను కట్టుకునే ఎనిమిది కిలోల సీసం ఐదుకి దిగింది.

ఆ సాయంత్రం ఇన్‌స్ట్రక్టర్ తీసిన వీడియో చూపించాడు. జాకెట్‌తో ఉన్న వీడియోలో నేను సముద్రగుర్రంలా నిలువుగా ఉన్నాను. "కాళ్లు అలా వేలాడేశావేంటి అన్నయ్యా, బస్సుకోసం నిలబడ్డట్టు" అని తమ్ముడు నవ్వు. ప్లేటుతో తీసినదాంట్లో మరీ పడుకోలేదు గానీ సగం వంగాను. సగం గేర్ వల్ల, సగం సీసం నడుం మీదనుంచి పైకి జరపడం వల్ల.

చివరి రోజు బ్లూ హోల్, ఒడ్డు పక్కనే పగడపు గట్టులో ఉన్న లోతైన గుంట. పక్కనున్న బెల్స్ అనే చీలికలో దిగి, గోడ పక్కనే ఈదుకుంటూ వచ్చి, ఏడు మీటర్ల లోతున్న అంచు మీదుగా లోపలికి చేరాం. ఆ గుంటని బయటి సముద్రంతో కలిపే పేరుమోసిన సొరంగం, ఆర్చ్, దాని పైకప్పే సుమారు 55 మీటర్ల లోతులో ఉంటుంది. ఒడ్డున బండల మీద చనిపోయినవాళ్ల పేర్లతో ఫలకాలు వరసగా ఉన్నాయి. అవి చూశాక లెక్క వేసుకున్నాను: 55 మీటర్ల దగ్గర పీడనం పైనున్నదానికి ఆరున్నర రెట్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాణ్ణి అక్కడ 130 లీటర్లు పీలుస్తాను. 11 లీటర్ల సిలిండర్ 200 బార్లు నింపితే 2200 లీటర్లు, అంటే పదిహేడు నిమిషాల్లో ఖాళీ. దిగడానికీ, ఎక్కడానికీ పట్టే గాలి ఇంకా లెక్కలోకే రాలేదు. దానికితోడు నత్రజని మత్తు. జంట సిలిండర్లు, హీలియం కలిపిన ట్రైమిక్స్ ఎందుకో ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. అవి కొనుక్కుంటే ఆ లోతు నాది అయిపోదని కూడా.

లైవ్‌అబోర్డ్ సంగతి వేరు. ఇరవై మంది, ఇద్దరు గైడ్లు, రోజుకి మూడు నాలుగు డైవ్‌లు. సిలిండర్ మన జాకెట్‌కే కట్టి ఉంటుంది, ఉన్నచోటే గొట్టంతో నింపేస్తారు, మోసే పని లేదు. డైవ్‌లు ఎక్కువ కావాలంటే పడవే. గేర్ మార్చి మార్చి చూడాలంటే మాత్రం దహబ్ లాంటి ఒడ్డే నయం, పడవలో ఉన్న సెట్టుతోనే వారమంతా.

థిసల్‌గార్మ్ అనే ఓడ శిథిలం దగ్గర, 1941 అక్టోబరు 6న జర్మన్ బాంబర్లు ముంచిన బ్రిటిష్ సరుకు ఓడ అది, లోపల ఇప్పటికీ మోటార్‌సైకిళ్లు వరసగా ఉంటాయి, దూకడానికి అంచున నిలబడ్డానో లేదో టప్‌మని పేలి తల వెనక బుస్సుమని గాలి. సిలిండర్ వాల్వ్‌ని బయటినుంచి పట్టుకునే యోక్ రకం రెగ్యులేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే ఓ-రింగ్, గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు, తన్నుకుపోయింది. పడవ మీద కాబట్టి నవ్వుకున్నాం, ఐదు నిమిషాల్లో మార్చారు. ఓడ కడుపులో, నెత్తిన కప్పున్న చోట అదే జరిగితే? డిన్ అనే రెండో రకం అయితే రెగ్యులేటర్ స్క్రూలా సిలిండర్ వాల్వ్‌లోకి బిగుస్తుంది, ఓ-రింగ్ లోపల బందీగా ఉంటుంది. టెక్‌లో డిన్ తప్ప వాడకపోవడానికి కారణం ఇదే. అక్కడి సిలిండర్లలో చాలావాటికి మధ్యలో ఒక బిళ్ల ఉంటుంది, అలెన్ కీతో విప్పితే డిన్, బిగిస్తే యోక్. విప్పలేని వాల్వ్ ఎదురైతే, డిన్ రెగ్యులేటర్‌కి తగిలించే చిన్న యోక్ అడాప్టర్ దొరుకుతుంది. అంచేత కొనేది డిన్ కొనండి, ఇక ఆలోచించక్కర్లేదు.

ఇంకో తలనొప్పి అద్దె డైవ్ కంప్యూటర్, ఆ లోతులో ఇంకెంతసేపు ఉండొచ్చో చెప్పేది. తమ్ముడూ నేనూ ఒకే లోతులో పక్కపక్కనే ఉన్నా, నాది ముందే "ఇక పైకి పద" అనేది, వాడిది ఇంకా ఆరు నిమిషాలు చూపించేది. లోపలి లెక్క వేరు మరి. వాడిది ఒంట్లో చేరే నత్రజనిని అంచనా కట్టే బూల్మన్ లెక్క, ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పే గ్రేడియంట్ ఫ్యాక్టర్లు మనమే పెట్టుకోవచ్చు, అద్దెది ఏం లెక్కో చెప్పేవాడే లేడు.

మరి ఏం కొన్నాను? ముందు కంప్యూటర్, ఒకటికి మించి గ్యాస్‌లు పెట్టుకోగలిగేది, బూల్మన్ లెక్కది. తర్వాత డిన్ రెగ్యులేటర్, సిలిండర్ ఖాళీ అవుతున్నా గాలి ఒకేలా ఇచ్చే బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్ రకం, సర్వీస్ విడిభాగాలు సులువుగా దొరికే మోడల్ చూసి. జంట సిలిండర్లకి వెళ్లినరోజు అలాంటిదే ఇంకో ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కి బిగించే భాగం) కొంటే సరిపోతుంది. రెండు మీటర్ల పొడవు గొట్టం కూడా అప్పుడే, ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు గాలి పంచుకుంటూ రావడానికి పనికొచ్చేది అది. తర్వాత ప్లేటు, ఒంటి సిలిండర్ వింగ్. ప్లేటు బెజ్జాల మధ్య దూరం పదకొండు అంగుళాలు, అందరూ పాటించే కొలతే, కాబట్టి రేపు జంట సిలిండర్లు వేసినా ప్లేటు అదే, వింగ్ ఒక్కటే మారుతుంది. ఒకే వింగ్ రెండింటికీ వస్తుందని అమ్మేవాళ్ల మాట నమ్మకండి, పెద్ద తిత్తి ఒంటి సిలిండర్ చుట్టూ ముడుచుకుని గాలి ఒకపక్కే పట్టి కూర్చుంటుంది. ఆఖరున బరువైన రబ్బరు ఫిన్స్, స్ప్రింగ్ పట్టీలవి, కప్పకాళ్ల ఈత నేర్చుకోవడానికి. మధ్యలో చీలిన మెత్తటి ఫిన్స్‌తో వెనక్కి ఈదడం నావల్ల కాలేదు.

జంట సిలిండర్లు, నీరు లోపలికి రాని డ్రైసూట్, స్టేజ్ బాటిళ్లు, చేతికి తొడిగే పెద్ద టార్చి, వీటి జోలికి పోలేదు. సిలిండర్లు ఒంటికి రెండు పక్కలా కట్టుకునే సైడ్‌మౌంటా, వీపునా అనేది కోర్సు చెప్పేవాడితో తేల్చుకోవాల్సిన విషయం. పైగా పల్చటి సూట్‌తో ఉక్కు జంట సిలిండర్లు వేసుకుంటే వింగ్ చిరిగినరోజు పైకి లేపే దిక్కుండదు.

ఉక్కు ప్లేటు కొనేశాక విమానం సామాను బరువు గుర్తొచ్చింది. పెట్టెలో చోటు లేక చేతిసంచిలో పెట్టాను. స్కానర్ దగ్గర దాన్ని బయటికి తీయించి, ఇద్దరు అటూ ఇటూ తిప్పి, వేలితో కొట్టి చూసి, "ఏంటిది?" అన్నారు. వీపుకి కట్టుకునేది అని చూపిస్తే ముఖముఖాలు చూసుకున్నారు. చివరికి మళ్లీ క్యూలో నిలబడి లగేజీలో వేయించాను. తమ్ముడిది అల్యూమినియం ప్లేటు, పెట్టెలోనే హాయిగా ఉంది.