స్విఫ్ట్ ముందు బ్రేకులు ఇంటి దగ్గరే మార్చుకున్నాక: రెండు వానాకాలాల వాడకం తర్వాత

మా పెట్రోలు స్విఫ్ట్ ముందు చక్రాలకు కొత్త డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు), కొత్త ప్యాడ్లు (వాటిని రెండు వైపులా నొక్కి ఆపే రాపిడి బిళ్లలు) ఇంటి ఆవరణలోనే బిగించిన తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. ఈ కాలంలో కారు ఎక్కువగా హైదరాబాదు ట్రాఫిక్‌లోనూ, అప్పుడప్పుడూ శ్రీశైలం ఘాట్ రోడ్డులోనూ తిరిగింది. పెడల్ మొదటి నెలలో ఎంత గట్టిగా ఉందో ఇప్పటికీ అంతే గట్టిగా ఉంది. వేగంలో బ్రేకు వేసినా స్టీరింగ్ అదరడం లేదు. ఇందులో ప్యాడ్ల బ్రాండు పాత్ర కొంతే. డిస్కు కూర్చునే హబ్‌ను, అంటే చక్రం మధ్య భాగాన్ని, శుభ్రం చేయడం, ప్యాడ్లను పట్టుకుని నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులకు తగిన గ్రీజు పెట్టడం అనే రెండు చిన్న పనులే అసలు తేడా తెచ్చాయని నా అభిప్రాయం.

పాత ప్యాడ్లలో రాపిడి పదార్థం సుమారు 3 మిల్లీమీటర్లకు అరిగింది. ప్యాడ్లు మాత్రమే మార్చి ఊరుకునేవాడినే కాని, డిస్కుల అంచున గోటికి తగిలేంత గట్టు ఏర్పడింది, కొలిచి చూస్తే డిస్కు మీద చెక్కి ఉన్న కనీస మందానికి అవి దాదాపు చేరుకున్నాయి. లేత్ మీద పట్టించి మళ్లీ వాడుకోవచ్చని షెడ్డులో సలహా ఇచ్చారు. మందం బాగా మిగిలిన డిస్కుకు ఆ సలహా తప్పు కాదు; అరిగిపోయిన డిస్కును ఇంకా చెక్కితే మాత్రం వేడిని పట్టుకునే ఇనుము తగ్గిపోతుంది, ఘాట్‌లో దిగేటప్పుడు అది త్వరగా కాగిపోతుంది.

విడిభాగాలు కంపెనీవే, అధీకృత కౌంటర్‌లో బిల్లుతో తీసుకున్నాను. డిస్కుల జత ధర ప్యాడ్ల ధరకు రెట్టింపు దాటింది. బజారులో అచ్చం అలాంటి పెట్టెల్లోనే నకిలీలు దొరుకుతాయి కనుక, బ్రేకుల విషయంలో ఆ కొద్దిపాటి ఆదాకు ఆశపడకపోవడం మంచిది. పనిముట్ల విషయానికొస్తే సాకెట్ సెట్టు, పొడవాటి హ్యాండిల్, బోల్టును సరైన బిగువుకే బిగించే టార్క్ రెంచ్, సి ఆకారపు బిగింపు పట్టు అయిన సి క్లాంపు, ఇనుప బ్రష్షు, బ్రేక్ క్లీనర్ కావాలి. వీటన్నిటికంటే ముందు, పైకెత్తిన కారును కదలకుండా మోసే జాకీ స్టాండ్లు కొనాలి. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి పనికొస్తుందే తప్ప, దాని మీద నిలబెట్టిన కారు దగ్గర కూర్చుని చేసే పనికి పనికిరాదు.

విప్పే పనిలో శ్రమంతా కాలిపర్ బ్రాకెట్‌ను పట్టి ఉంచే రెండు పెద్ద బోల్టుల దగ్గరే ఉంటుంది. స్టీరింగ్‌ను పక్కకు తిప్పి, పొడవాటి హ్యాండిల్‌తో లాగితే అవి వదులయ్యాయి. కాలిపర్‌ను రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టాలి. తుప్పుతో హబ్‌కు అతుక్కున్న డిస్కును సుత్తితో బాదనక్కరలేదు. దానికే ఉన్న రెండు మరల రంధ్రాల్లో 8 మిల్లీమీటర్ల బోల్టులు ఎక్కించి మార్చి మార్చి బిగిస్తే అదే బయటికి వస్తుంది.

డిస్కు తీసిన తర్వాత కనిపించే హబ్ ముఖం మీద తుప్పు పొలుసులు పేరుకుని ఉంటాయి. షెడ్డుల్లో తొందర వల్ల చాలాసార్లు వాటి మీదే కొత్త డిస్కు పెట్టేస్తారు. పొలుసు ఎంత పలచగా ఉన్నా డిస్కు ఒక పక్కకు వాలుతుంది, వాలు కేంద్రం దగ్గర కంటికి కనిపించకపోయినా అంచుకు వచ్చేసరికి పెరుగుతుంది. అక్కడ పదో వంతు మిల్లీమీటరు ఊగినా ఎక్కువే. బ్రేకు వేయకపోయినా ఆ ఎత్తు చోటు చక్రం తిరిగిన ప్రతిసారీ ప్యాడుకు రాసుకుని కాస్త కాస్తగా పలచబడుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత డిస్కు మందం ఒకచోట ఒకలా, మరోచోట మరోలా తయారై పెడల్ కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడు అందరూ డిస్కు వంకరపోయిందని నాసిరకం సరుకును తిడతారు, అసలు కారణం బిగించిన రోజునే మొదలై ఉంటుంది. అందుకే రెండు హబ్‌లనూ లోహం మెరిసేదాకా బ్రష్షుతో, ఎమరీ కాగితంతో రుద్దాను. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను కూడా క్లీనర్‌తో తుడిచాకే ఎక్కించాను.

రెండవ పని పిన్నులది. కాలిపర్ వాటి మీద స్వేచ్ఛగా జరిగితేనే లోపలి ప్యాడూ బయటి ప్యాడూ సమానంగా నొక్కుకుంటాయి. ఇక్కడ మామూలు గ్రీజు వాడితే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి కనుక బ్రేకుల కోసం తయారైన సిలికోన్ గ్రీజే వాడాలి. తర్వాత కాలిపర్‌లో ప్యాడును నెట్టే పిస్టన్‌ను సి క్లాంపుతో నిదానంగా వెనక్కి నెట్టాలి. ఆ సమయంలో పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం పెరుగుతుంది, అది పొర్లి కారు రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. అన్నీ బిగించిన తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, కారును కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. వెనక్కి నెట్టిన పిస్టన్లు ప్యాడ్లను తాకేవరకు బ్రేకు పట్టదు.

ఆ మర్నాడు తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డులో, వెనక వాహనాలు లేనప్పుడు, సుమారు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపకుండా మధ్యరకంగా బ్రేకు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేశాను. మొదట్లో పట్టు కొంచెం మందంగా అనిపించింది కాని కొద్ది రోజుల్లోనే సర్దుకుంది.

వాడకంలో తేలిన విషయాలకు వస్తే, రాత్రి వాన పడిన మర్నాడు డిస్కుల మీద పలచని తుప్పు పొర కనిపిస్తుంది, మొదటి రెండు మూడు బ్రేకుల్లో గరగరలాడి పోతుంది. దానికి కంగారు పడనక్కరలేదు. ఈ ప్యాడ్ల పొడి మాత్రం చక్రాల మీద బాగానే పేరుకుంటోంది, తెల్లటి అల్లాయ్ చక్రాలున్నవారికి ఇది చిరాకే. దోమలపెంట దాటి శ్రీశైలం ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో, నిండా మనుషులున్నా, రెండో గేరులో దింపినంతసేపూ పెడల్ మెత్తబడలేదు, వాసన రాలేదు. ఈ మధ్య చక్రాలు విప్పి చూస్తే లోపలి, బయటి ప్యాడ్లు రెండు వైపులా దాదాపు సమానంగా అరిగి, సగానికి పైగా మిగిలి ఉన్నాయి.

వెనక డిస్కులకు ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లవారు ఈ పని ఇంట్లో మొదలుపెట్టకపోవడమే మేలు, అక్కడ పిస్టన్‌ను వెనక్కి తీయడానికి ముందు చాలా కార్లలో బ్రేకును రిపేరు కోసం ఉద్దేశించిన సర్వీసు మోడ్‌లో పెట్టాలి. మామూలు కారైనా, పిస్టన్ చుట్టూ ఆయిల్ చెమ్మ కనిపిస్తే పని అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవాలి. బ్రేక్ ఆయిల్ మార్పిడిని నేను ఇప్పటికీ షెడ్డుకే వదిలేస్తున్నాను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మార్పించడం తప్పనిసరే కాని, గొట్టాల్లో గాలి మిగలకుండా తీయడానికి మామూలుగా ఇద్దరు మనుషులు కావాలి, మా ఇంట్లో పెడల్ తొక్కడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు.