పాస్‌వర్డ్ నాది, తాళంచెవి వారిది: ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ కొనేవారికి హెచ్చరిక

సొంత ఈమెయిళ్లను, ఫైళ్లను భద్రంగా ఉంచుకోవడానికి కంప్యూటర్‌లో వేసుకునే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్, అంటే పాస్‌వర్డ్ లేనివారు చదవలేకుండా వాటికి తాళం వేసే ప్రోగ్రాము, కొనాలని చూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఏటా చందా కట్టించుకునే ఒక సాఫ్ట్‌వేర్ వల్ల నా కాగితాలు నాకే అందకుండా పోయాయి. పాస్‌వర్డ్ మరచిపోలేదు. ఫైళ్లు చెరిగిపోలేదు. బ్యాకప్ కూడా ఉంది. అయినా తెరవలేను. ఇంకెవరికీ ఈ గతి పట్టకూడదు.

పాత కంప్యూటర్‌లో డిస్కు పాడైంది. కొత్తది తీసుకుని, బయటి డ్రైవులోని బ్యాకప్‌ను అందులోకి తెచ్చుకుని, అదే సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కించాను. ఫైలు మీద నొక్కితే పాస్‌వర్డ్ అడగలేదు. ముందు లైసెన్సు సరిచూసుకోవాలంటూ సంస్థ సర్వర్ కోసం వెతికింది. ఆ వెర్షన్‌ను సంస్థ ఆపేసిందట, దాని కోసం నడిచిన సర్వర్‌ను కూడా మూసేసిందట. అడిగితే కొత్త వెర్షన్ కొనమన్నారు. కొత్త వెర్షన్ పాత ఫైళ్లను చదవదు, పాత వెర్షన్‌లోనే తెరిచి బయటికి తీసి తెచ్చుకోవాలని కొన్న తర్వాత చెప్పారు. పాతది తెరుచుకోదు, కొత్తది చదవదు. కొనేటప్పుడు ఈ ముక్క ఎక్కడా లేదు.

దీనికంటే నన్ను కలవరపెట్టింది ఆ తర్వాత వచ్చిన జవాబు. తెరుచుకోని ఫైళ్లను తమకు పంపితే సాంకేతిక నిపుణులు తెరిచి ఇస్తారని, అందుకు వేరే రుసుము ఉంటుందని రాశారు. పాస్‌వర్డ్ అడగలేదు. ‘మీ పాస్‌వర్డ్ లేకుండా మేము కూడా తెరవలేం’ అని వారి ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉంది కదా, మరి ఎలా తెరుస్తారని అడిగాను. దానికి సమాధానం లేదు. బయటపడినా నష్టం లేని ఒక పాత పుస్తకాల జాబితాను రుసుము కట్టి పరీక్షగా పంపాను. తెరిచి పంపారు, అక్షరం పొల్లుపోకుండా. పాస్‌వర్డ్ తెలిసిన నేను తెరవలేను, పాస్‌వర్డ్ తెలియని వారు తెరవగలరు. మిగిలిన ఫైళ్లలో వైద్య నివేదికలు, పన్ను లెక్కలు, ఇంటివారి ఉత్తరాలు ఉన్నాయి. ఎవరి కంటా పడకూడదనే వాటికి తాళం వేసుకున్నాను. వాటిని వారి చేతికి ఇవ్వదలచుకోలేదు.

ఇదెలా సాధ్యమో తెలిస్తే ఇలాంటి సరుకును ముందుగానే గుర్తుపట్టవచ్చు. మంచి ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాము సాధారణంగా ప్రతి ఫైలుకూ యాదృచ్ఛికంగా ఒక కీ, అంటే తాళంచెవిలా పనిచేసే రహస్య సంఖ్య, పుట్టించి, దానితో ఫైలును మూసేస్తుంది. మీ పాస్‌వర్డ్ నుంచి తయారైన మరో కీతో ఆ కీని మూసి, ఫైలు ముందుభాగంలో పెడుతుంది. అంతవరకు బాగానే ఉంది. అదే కీని సంస్థ తన సొంత కీతో కూడా మూసి పక్కనే ఇంకో ప్రతి పెట్టవచ్చు, లేదా మీ కీని తన సర్వర్‌కు పంపి దాచుకోవచ్చు. బయటినుంచి చూస్తే ఫైలులో తేడా ఏమీ కనిపించదు. కార్యాలయాలకు అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగి వెళ్లిపోయినా ఫైళ్లు తెరవగలిగేలా ఇలాంటి ఏర్పాటు ఉండటం మామూలే, కానీ అక్కడ ఆ సంగతి చెప్పి పెడతారు. ఇంట్లో వాడుకునేవారికి ‘మేము కూడా తెరవలేం’ అని చెప్పి ఇదే పని చేయడం మోసం. ఇంకో మాట కూడా చెప్పాలి. ఫైలును విప్పడానికి సర్వర్‌తో పనే లేదు. విప్పే లెక్క అంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది. ఆ దారిలో లైసెన్సు తనిఖీని అడ్డం పెట్టినది వ్యాపారం కోసమే.

‘సైనిక స్థాయి 256 బిట్ రక్షణ’ అనే మాట చూసి ఎవరూ ముచ్చటపడవద్దు. అది చాలావరకు ఏఈఎస్ అనే పద్ధతి. బెల్జియంకు చెందిన జోన్ డేమెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన దాన్ని బహిరంగ పోటీలో ఎంపిక చేసి, అమెరికా ప్రమాణాల సంస్థ 2001లో ప్రమాణంగా ప్రకటించింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అది నిజంగానే గట్టిది. నేను కొన్న సాఫ్ట్‌వేర్‌లోనూ అదే ఉండి ఉండవచ్చు, దానితో నాకు ఒరిగిందేమీ లేదు. తాళం ఎంత గట్టిదన్నది ప్రకటనలో రాస్తారు, తాళంచెవి ఎన్నిచోట్ల ఉందన్నది రాయరు. ‘మా సొంత రహస్య పద్ధతి’ అని గొప్పలు చెప్పేవారైతే ఇంకా దూరంగా ఉండాలి. కీ తప్ప మిగిలినదంతా శత్రువుకు తెలిసినా వ్యవస్థ నిలబడాలని డచ్ భాషావేత్త ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లోనే రాశాడు. ఈ రంగంలో పనిచేసేవారు ఈనాటికీ ఆ సూత్రాన్నే పాటిస్తున్నారు.

సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు ఏదో ఒకనాడు దుకాణం కట్టేయవచ్చు, అందులో తప్పు లేదు. వారు వెళ్లిపోయాక మన ఫైళ్ల సంగతి ఏమిటన్నదే ప్రశ్న. ఫైళ్లను, డిస్కులను ఎన్‌క్రిప్ట్ చేసే ఉచిత ప్రోగ్రాము ట్రూక్రిప్ట్ కథ చూడండి. 2004 నుంచి ఎంతోమంది వాడిన ఆ ప్రోగ్రామును, పేరు కూడా చెప్పుకోని దాని రచయితలు 2014 మే నెలలో ఉన్నట్టుండి ఆపేశారు. ఇది ఇక సురక్షితం కాదని ఒక ప్రకటన పెట్టి వెళ్లిపోయారు. అయినా ఆ కారణంగా ఎవరి ఫైళ్లూ లోపల చిక్కుపడలేదు. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, ఫైలు అమరిక ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. దాని నుంచి పుట్టిన వెరాక్రిప్ట్ ఆ పాత ఫైళ్లను ఏళ్ల తరబడి తెరిచి ఇచ్చింది. 2023లో వచ్చిన 1.26 వరుసలో ఆ సదుపాయం తీసేశారు. అయినా అంతకుముందున్న 1.25.9 వెర్షన్‌తో ఇప్పటికీ తెరవవచ్చు, లైనక్స్‌లోని క్రిప్ట్‌సెటప్ అనే ప్రోగ్రాముతోనూ తెరవవచ్చు. పైసా తీసుకోకుండా, పేరు చెప్పకుండా పనిచేసినవారు వెళ్లిపోయినా వాడుకరులకు దారి మిగిలింది. డబ్బు తీసుకుని, రసీదు ఇచ్చి, సేవా విభాగం నడిపే సంస్థ నాకు ఆ దారి మిగల్చలేదు.

అందుకే కొనేవారు మొదట అడగవలసినది ఒకటే: ఈ సాఫ్ట్‌వేర్ మూసిన ఫైలును ఇంకెవరో తయారుచేసిన ప్రోగ్రాముతో తెరవగలనా? అవునంటే మిగిలిన విషయాలు మాట్లాడుకోవచ్చు. కాదంటే ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఈమెయిల్ విషయంలో ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. అమెరికా ప్రోగ్రామర్ ఫిల్ జిమ్మర్‌మన్ ఉత్తరాలను ఎన్‌క్రిప్ట్ చేసే పీజీపీ అనే ప్రోగ్రామును 1991లో విడుదల చేశాడు. ఆ పద్ధతి తర్వాత ఓపెన్‌పీజీపీ అనే బహిరంగ ప్రమాణంగా మారింది. ఆ ప్రమాణంలో మూసిన ఉత్తరాన్ని గ్నూపీజీ అనే ఉచిత ప్రోగ్రాముతో చదవవచ్చు, 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాములో అదనంగా ఏమీ వేసుకోకుండానే చదవవచ్చు. తొంభైల నాటి పీజీపీ ఉత్తరాలు దాచుకున్నవారి కోసం గ్నూపీజీ 1.4 ఇప్పటికీ ఉంది. నా సాఫ్ట్‌వేర్ మాత్రం ఉత్తరాన్ని తన సొంత రకం ఫైలుగా మార్చి జోడింపుగా పంపేది. అందుకున్నవారు అదే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, లేదంటే ఒక లింకు నొక్కి సంస్థ పేజీలో చదవాలి. ముక్కూమొహం తెలియని లింకులు నొక్కవద్దని అందరికీ చెబుతూ మనమే అలాంటి లింకులు పంపడం ఏమి భద్రత? దగ్గరివారు కొందరు అది మోసపు ఉత్తరమనుకుని తొలగించేశారు. వారిని తప్పుపట్టలేను. ఆ పద్ధతిలో నేను పంపిన ఉత్తరాలన్నీ ఇప్పుడు పంపినవాటి పెట్టెలో తెరుచుకోని జోడింపులుగా మిగిలాయి.

ఉత్తరాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తే అంతా దాగిపోతుందని కూడా అనుకోవద్దు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు రాశారన్నది ఓపెన్‌పీజీపీలోనూ బయటికి కనిపిస్తుంది. విషయం పంక్తి (సబ్జెక్ట్) కూడా మామూలుగా బయటే ఉంటుంది. దాన్ని దాచే సదుపాయం థండర్‌బర్డ్‌లో ఉంది, అయితే అవతలివారి ప్రోగ్రాము కూడా ఆ పద్ధతిని అర్థం చేసుకోవాలి. ‘పూర్తి గోప్యత’ అని అమ్మేవారు ఈ సంగతి చెప్పరు. నా సాఫ్ట్‌వేర్ అయితే విషయం పంక్తిని ఏమాత్రం ముట్టుకోలేదు. వైద్య పరీక్ష పేరు విషయంగా పెట్టిన ఉత్తరం లోపల ఎంత భద్రంగా ఉండి ఏమి లాభం?

ఇంకో లోపం పాత కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడే కనిపించింది. మూసిన పత్రాన్ని ఆ ప్రోగ్రాము ద్వారా తెరిచినప్పుడు, తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌లో దాని విప్పిన ప్రతి ఒకటి తయారయ్యేది. పత్రం చదవడం ముగించాక కూడా అది అక్కడే ఉండేది. తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అన్నట్టుంది. ఫిర్యాదు చేస్తే తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తామన్నారు. అసలు ఫైలును ‘శాశ్వతంగా చెరిపేస్తాం’ అన్న మాట కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. ఎస్‌ఎస్‌డీలు, అంటే చిప్‌లతో చేసిన డిస్కులు, కొత్త రాతను పాత చోటనే రాయవు, అరుగుదల అన్ని చోట్లా సమానంగా ఉండేలా వేరేచోట రాస్తాయి. పైన ఎన్నిసార్లు సున్నాలు రాసినా పాత ముక్కలు లోపల మిగిలే అవకాశం ఉంది. ఒక్కొక్క ఫైలును మూసే ప్రోగ్రాముకు ముందే డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం దీనికి సరైన మందు. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లైనక్స్‌లో లక్స్ ఆ పని చేస్తాయి. మామూలు దారిలో తెరుచుకోనప్పుడు వాడుకోవడానికి బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన కంప్యూటర్లలో అది చాలాసార్లు ఆ ఖాతాలోకి చేరుతుంది. మీ కీ ఎక్కడెక్కడ ఉందో చూసుకోండి, ఒక ప్రతిని కాగితం మీద రాసి విడిగా పెట్టుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఉచిత పరీక్ష గడువులోనే దాని నిజం తేల్చుకోవచ్చు. పోయినా ఫరవాలేని ఒక ఫైలును మూయండి. ఇంటర్నెట్ ఆపేసి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అక్కడితో వదిలేయండి. తెరుచుకుంటే ఆ ఫైలును ఆ సాఫ్ట్‌వేర్ లేని మరో కంప్యూటర్‌కు తీసుకెళ్లి, అదే ప్రమాణం చదివే వేరే ప్రోగ్రాముతో ప్రయత్నించండి. తర్వాత ‘పాస్‌వర్డ్ మరచిపోయాను’ అనే మీట నొక్కండి. సంస్థ ఈమెయిల్‌కు ఒక లింకు పంపి, కొత్త పాస్‌వర్డ్ పెట్టించి, పాత ఫైళ్లను మళ్లీ చూపిస్తే, వాటిని తెరిచే శక్తి వారి దగ్గర ఉందన్నమాట. మొదట్లోనే మీకు రికవరీ కీ ఇచ్చి దాచుకోమన్న ప్రోగ్రాము వేరు, అక్కడ తెరిచేది మీరే. చివరగా, పరీక్ష గడువు ముగిశాక ఏమవుతుందో చూడండి. కొత్త ఫైళ్లు మూయనివ్వకపోతే న్యాయమే. మూసినవాటిని తెరవనివ్వకపోతే మాత్రం అది మీ ఫైళ్లను తాకట్టు పెట్టుకోవడమే.

నేను ఇప్పుడు వాడుతున్నవన్నీ ఉచితంగా దొరికేవే. ఫోల్డర్లకు వెరాక్రిప్ట్, ఉత్తరాలకు థండర్‌బర్డ్, ఒకటి రెండు ఫైళ్లు ఎవరికైనా పంపాలంటే ఫైళ్లను కుదించి కట్టే 7-జిప్. దీనిలో ఫైళ్ల పేర్లను కూడా ఎన్‌క్రిప్ట్ చేయమని గుర్తు పెట్టాలి, లేకపోతే లోపల ఏమున్నాయో పేర్లు అందరికీ కనిపిస్తాయి. జిప్ రకం కాకుండా 7జెడ్ రకం ఎంచుకుంటేనే ఆ అవకాశం ఉంటుంది. వీటికీ జాగ్రత్తలు ఉన్నాయి. వెరాక్రిప్ట్ ఫైలు ముందుభాగం పాడైతే సరైన పాస్‌వర్డ్ కూడా పనిచేయకపోవచ్చు, అందుకే ఆ ముందుభాగానికి ప్రతి (హెడర్ బ్యాకప్) తీసి వేరేచోట ఉంచాలి. ఓపెన్‌పీజీపీలో ప్రైవేట్ కీ, అంటే వచ్చిన ఉత్తరాలను విప్పే మీ రహస్య కీ, పోతే ఉత్తరాలు పోయినట్టే. కీని, దాన్ని రద్దుచేసే ధ్రువపత్రాన్ని వేర్వేరు చోట్ల దాచాలి. 2024లో ఆ ప్రమాణానికి కొత్త రూపం వచ్చింది, గ్నూపీజీ మాత్రం వేరే దారి పట్టింది. కాబట్టి కొత్త కీ చేసుకునేటప్పుడు రెండు వేర్వేరు ప్రోగ్రాములలో అది పనిచేస్తోందో లేదో చూసుకోవడం మంచిది.

ఇప్పటికే ఇలాంటి చందా సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లు ఉన్నవారు దయచేసి ఈ వారమే కదలండి. ప్రోగ్రాము పనిచేస్తున్న కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ వేయకండి, వెర్షన్ మార్చకండి. ముందు ఆ కంప్యూటర్ డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయండి. తర్వాత ఫైళ్లన్నీ విప్పి, వేరే ప్రోగ్రాము చదవగల రకంలో మళ్లీ మూయండి. ఉత్తరాల జోడింపులను మరవకండి, అవి అన్నిటికంటే ఆలస్యంగా గుర్తొస్తాయి. కొత్తగా మూసిన ప్రతులను ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. చందా రద్దు చేయడం, కార్డు వివరాలు తొలగించడం, ప్రోగ్రాము తీసేయడం ఇవన్నీ ఆ తర్వాతే, అదీ ఈ వరుసలోనే.