పాత ఫియట్‌కి రోల్ కేజ్: తణుకు వైపు షెడ్డులో పని ఎలా ఉందంటే

మా పద్మినికి, అంటే మన దేశంలో తయారైన పాత ఫియట్ కారుకి, ఈ షెడ్డులో రోల్ కేజ్ వేయించాను. బండి పల్టీ కొట్టినా టాపు అణిగిపోకుండా లోపల కట్టే ఇనప పైపుల చట్రమే రోల్ కేజ్. పూర్తి కేజ్ వేయిద్దామని బయలుదేరేవాళ్లకి ముందే ఒక మాట. మన డెల్టా రోడ్ల మీద తిరిగే బండికి అది వద్దు. ముందు సీట్ల వెనక ఒక హూప్ (ఆర్చిలా వంచిన పైపు), దాన్నుంచి వెనక్కి దిగే రెండు పైపులు, మధ్యలో క్రాసుగా ఇంకోటి. దీన్నే హాఫ్ కేజ్ అంటారు, అక్కడితో ఆపించండి. పూర్తిది వేస్తే షెడ్డు వాళ్లకి డబ్బులెక్కువ వస్తాయి, అయినా మేస్త్రి గారే వద్దన్నారు. ఈ షెడ్డుకి వెళ్లమని నేను చెప్పడానికి మొదటి కారణం అదే.

పూర్తి కేజ్‌లో ముందు కూర్చున్నవాళ్ల తల దగ్గర కూడా పైపులు వస్తాయి. దాని గురించి మేస్త్రి గారి మాట ఆయన మాటల్లోనే చెబుతాను. "రేసోళ్లకి నెత్తిన హెల్మెట్ ఉంటదండి. మీరు పాలకొల్లు బజారుకి హెల్మెట్ పెట్టుకుని కారులో వెళ్లరు కదండి. ముందు పైపు మీ తలకి జానెడు దూరంలో ఉంటదండి, చిన్న గుద్దుడికే తల దానికి తగులుద్ది." నిజమే కదా. హెల్మెట్ లేని తలకి ఇనప పైపు తగిలితే, బండి పల్టీ కొట్టకుండానే ప్రాణం మీదకి వస్తుంది.

రెండో కారణం మన కాలవలు. ఇక్కడ సగం రోడ్లు గట్ల మీదే ఉంటాయి, కోతల టైములో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, భీమవరం, ఉండి వైపు వెళ్తే చేపల లారీల నుంచి నీళ్లు కారి రోడ్డు జారుడుగా ఉంటుంది. బండి గట్టు దిగిందంటే పక్కకి దొర్లి టాపు కిందకి వచ్చేలా కాలవలో పడుతుంది. అప్పుడు టాపు అణిగిపోకుండా హూప్ ఆపుతుంది, ఆ మేలు చిన్నది కాదు. కానీ పూర్తి కేజ్‌లో తలుపులకి అడ్డంగా పైపులు వస్తాయి, నీళ్లలో బయటపడాల్సిన దారికి అవే అడ్డం. బండి చుట్టూ నీళ్లుంటే తలుపు తోసినా రాదు, కిటికీ దించుకునే బయటికి రావాలి, ఆ విషయంలో మాత్రం చేత్తో తిప్పే అద్దాలున్న పద్మిని కొత్త కార్ల కంటే నయం. కేజ్ సంగతి తర్వాత, ముందు ఆ హ్యాండిళ్లు సాఫీగా తిరుగుతున్నాయో లేదో చూసుకోండి.

పని నాణ్యత బాగుంది. నీళ్ల మోటారుకి వేసే జీఐ పైపుతో కేజ్ కట్టిచ్చే చోట్లు నేను చూశాను, చూడ్డానికి దిట్టంగా ఉంటుంది గానీ నమ్మకూడదు. ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ కార్ రేసుల సంస్థ) రూల్స్‌లో మెయిన్ హూప్‌కి కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ పైపు, అంటే వేడి చేయకుండా సాగదీసి చేసిన అతుకు లేని పైపు, వాడమని ఉంది, వ్యాసం 45 మిల్లీమీటర్లు అయితే గోడ మందం 2.5, వ్యాసం 50 అయితే మందం 2 ఉండాలి. వీళ్లు 45ది వేశారు, కోసిన ముక్కకి వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి చూపించారు. వంపుల దగ్గర ముడతలు లేవు, పైపు నొక్కుకుపోలేదు. టాపుకి ఆనుకునే జాయింట్లకి పైవైపు వెల్డింగ్ అందదని చాలామంది అలాగే వదిలేస్తారు, పైన పెయింట్ కొట్టేస్తే ఎవరికీ కనపడదు. ఇక్కడ హూప్‌ని బయటే పెట్టుకుని జాయింటు చుట్టూతా వెల్డింగ్ చేసి, ఆ తర్వాతే లోపలికి ఎక్కించారు. పెయింట్ కొట్టకముందే వెళ్లి చూడండి, వాళ్లు ఏమీ అనుకోరు.

ఇక తుప్పు. సముద్రపు గాలి, చెరువుల ఉప్పు కలిసి మన పాత బండ్ల ఫ్లోర్‌ని కార్పెట్ కిందే తినేస్తాయి. కేజ్ కాళ్లు దిగేది ఆ ఫ్లోర్ మీదకే. అది పుచ్చిపోతే ఎంత మంచి పైపైనా గుద్దుకున్నప్పుడు రేకుని చీల్చుకుని కిందకి దిగిపోతుంది. వీళ్లు ముందు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసి, పుచ్చిన చోట రేకు కోసి కొత్తది వేసి, ఆ తర్వాత 3 మిల్లీమీటర్ల ప్లేట్లు పెట్టి కాలుకి మూడేసి ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులు బిగించారు. బిల్లు పెరిగింది ఇక్కడే, కానీ తప్పదు.

నచ్చనివీ ఉన్నాయి. పైపుకి మొదట ఏసీ గొట్టాలకి చుట్టే మెత్తటి ఫోమ్ చుట్టారు, వేలితో నొక్కితే ఇనుము తగులుతోంది. ఇది పనికిరాదని గట్టిగా చెబితే రేస్ కార్లకి వాడే గట్టి ప్యాడింగ్ తెప్పించారు, దాని డబ్బులు వేరే తీసుకున్నారు. ఇంకా పెద్దది, చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మీరే ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందుగా అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బోల్టులతో బిగించే రకం వేయించుకుంటే అవసరమైతే విప్పేయొచ్చు.

పిల్లలున్నవాళ్లు ఇది బాగా ఆలోచించాలి: హాఫ్ కేజ్ వేస్తే వెనక సీటు పోయినట్టే. హూప్ వెనక కూర్చున్నవాళ్ల మొహానికి ఎదురుగా ఉంటుంది, వెనక పైపులు తలల పక్క నుంచే వెళ్తాయి. మా బండిలో ఇప్పుడు వెనక ఎవరినీ కూర్చోనివ్వం, మా అమ్మని కూడా. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి అదొక్కటే అయితే కేజ్ జోలికి వెళ్లొద్దు.

అసలు ఇది 1962 నాటి ఫియట్ 1100డి డిజైన్. ఎదురుగా గుద్దుకుంటే ముందు భాగం నలిగి దెబ్బని తీసుకునేలా కట్టింది కాదు, ఆ లోటుని కేజ్ తీర్చదు. అక్కడ కాపాడేది భుజాన్నీ నడుమునీ పట్టి ఉంచే మూడు పాయింట్ల సీటు బెల్టు. వోల్వో 1959లోనే ఆ బెల్టు పెట్టింది, మన దేశంలో ముందు సీట్లకి బెల్టు తప్పనిసరి అయింది 1994లో, అందుకే పాత పద్మినుల్లో చాలావాటికి బెల్టే ఉండదు. నా దృష్టిలో ఈ షెడ్డులో జరిగిన అన్నిటికంటే విలువైన పని, హూప్‌కి బుష్ (బోల్టు పట్టే చిన్న ఇనప గొట్టం) వెల్డ్ చేసి ఆ బెల్టు బిగించడానికి గట్టి ఆధారం ఇవ్వడం. హెడ్‌రెస్ట్ ఉన్న సీట్లు కూడా అప్పుడే మార్పించాను, హెడ్‌రెస్ట్ లేని పాత బెంచీ సీటుతో వెనక నుంచి గుద్దితే మెడకి గట్టి దెబ్బ తగలొచ్చు.

రేకు పని కాకుండా మిగతావన్నీ కలిపి 45 వేలు దాటింది. మీ దగ్గర అంత లేకపోతే బెల్టులు, బ్రేకులు, టైర్లు ముందు చేయించండి, హూప్ తర్వాత చూసుకోవచ్చు. చేయించుకున్నవాళ్లు కొన్నాళ్లు తిరిగాక బోల్టులు మళ్లీ బిగించడానికి తీసుకెళ్లండి, దానికి వీళ్లు డబ్బులు తీసుకోవడం లేదు.