సుంకి ఘాటీ మీదుగా దేవమాలికి: బండికి, ఒంటికి, బసకు

ఒడిశాలోని దేవమాలి కొండకు బైకు మీద సుంకి ఘాటీ ఎక్కి వెళ్లేటప్పుడు, కింద సాలూరులో చెమటలు కారుతుంటే జాకెట్ విప్పి సీటుకు కట్టేస్తారు చాలామంది. సుంకి దాటి పొట్టంగి వైపు ఎక్కేసరికి చలి మొదలవుతుంది. అప్పుడు లారీలు దిగే మలుపు పక్కన ఆగి జాకెట్ తొడుక్కోవాలి. అంతకంటే కింది నుంచే మెష్ జాకెట్ (గాలి ఆడే జాలీ జాకెట్) వేసుకుని, గాలి ఆపే లైనర్‌ను బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకోవడం మేలు. భుజం, మోచేయి, మోకాలి గార్డుల మీద ఈఎన్ 1621-1 గుర్తు (యూరప్ భద్రతా ప్రమాణం), పక్కన 1 లేదా 2 అంకె ఉంటాయి. 2 ఎక్కువ దెబ్బ తట్టుకుంటుంది. వీపు దగ్గర కంపెనీవాళ్లు పెట్టిచ్చే ఉత్త స్పాంజిని గార్డు అనుకోవద్దు.

హెల్మెట్‌కు ఐఎస్ఐ స్టిక్కర్ చాలదు. దానితోపాటు ఉండే సీఎం/ఎల్ నంబరును (తయారీ లైసెన్సు నంబరు) ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. పట్టీ బిగించాక మెడ వెనక అంచు పట్టుకుని ముందుకు తోయండి. ఊడొచ్చేస్తే ఆ సైజు మీది కాదు. వెనక కూర్చునేవాళ్లకూ ఇదే పరీక్ష.

చలికాలం పొద్దున్న సెమిలిగూడ దగ్గర పొగమంచులో వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) లోపల ఆవిరి పడుతుంది. పిన్‌లాక్ (ఆవిరి పట్టకుండా వైజర్ లోపల బిగించే పొర) ఉంటే సరే, లేకపోతే ఒక గాటు తెరిచి నడపాలి. నల్ల వైజర్ ఇంట్లోనే వదిలేయండి. హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది, లోబీమ్ చాలు.

అసలు చిక్కంతా ఈ ఘాటీ దిగేటప్పుడే. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. క్లచ్ పట్టి, బ్రేకు మీదే కాలేసి దిగితే బ్రేకు డిస్క్ వేడి, దాన్ని పట్టి నొక్కే కాలిపర్ లోపలి బ్రేకు ఫ్లూయిడ్‌కు పాకుతుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక అదే ఫ్లూయిడ్‌కు 155 డిగ్రీలే చాలు. బుడగలు పుట్టాయంటే లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. అలా అనిపించగానే పక్కకు ఆపి చల్లారనివ్వండి. డిస్క్ మీద నీళ్లు పోయొద్దు, వంకర తిరుగుతుంది. ఫ్లూయిడ్ వేసి రెండేళ్లు దాటితే బయలుదేరే ముందే మార్పించాలి.

హెయిర్‌పిన్ మలుపులో లోడు లారీ తోక లోపలి వైపు కోసుకుంటూ వస్తుంది. దాని పక్కన దూరకుండా, తోక దాటిందాకా వెనకే ఉండాలి. కుందులి దారిలో కోతల రోజుల్లో రోడ్డు మీదే కళ్లం వేస్తారు. గడ్డి మీద టైరు సబ్బు మీద కాలేసినట్టే, కాబట్టి బండి నిటారుగా ఉంచి బ్రేకు ముట్టుకోకుండా దాటాలి. శుక్రవారం అక్కడ సంత, జనం తాకిడి చూసుకుని వెళ్లండి.

దేవమాలి ఎత్తు 1672 మీటర్లు, పైన గాలి ఎక్కువ. బండిని ముక్కు ఎగువకు పెట్టి ఫస్ట్ గేరులో వదలండి. సైడ్ స్టాండ్ కింద అరచేయంత పలకరాయి పెట్టకపోతే స్టాండు మట్టిలో దిగబడి పడిపోతుంది.

బసకు సెమిలిగూడ దేవమాలికి దగ్గర, గదులు మాత్రం తక్కువ. కోరాపుట్‌లో ఎంచుకోవడానికి వీలుంటుంది, జగన్నాథుడి గుడీ చూసుకోవచ్చు. ఎక్కడైనా గది కంటే ముందు గేటు లోపల పార్కింగ్ ఉందా, వేడినీళ్లు ఏ వేళకు ఇస్తారు అని అడగండి. బండి మంచులో తడిసిన పొద్దున రెండు బ్రేకులూ నెమ్మదిగా నొక్కి చూశాకే రోడ్డెక్కాలి. టైరు, కేబుల్, బ్రేకు ప్యాడ్ల పని పడితే కోరాపుట్ నుంచి మరో 22 కిలోమీటర్లు దిగి జయపురం వెళ్లండి. మెకానిక్కుతో తెలుగులోనే మాట్లాడుకోవచ్చు.