వైడ్ ఓపెన్: 1996 నాస్కార్ సీజన్, వెనక వరుసల నుంచి

షాన్ అసాయెల్ రాసిన 'వైడ్ ఓపెన్' 1996 నాస్కార్ (అమెరికా స్టాక్ కార్ రేసుల పోటీ) సీజన్ పుస్తకమే గానీ ఛాంపియన్ పుస్తకం కాదు. బాబీ హామిల్టన్, బ్రెట్ బొడైన్, డేవ్ మార్సిస్ అనే ముగ్గురు డ్రైవర్ల వెంట నడుస్తుంది. మంచి ఎంపిక. బొడైన్ అప్పటికి కొత్తగా టీము కొన్న యజమాని. మార్సిస్ సొంత కారుతో నెట్టుకొస్తున్నవాడు, చివరి గెలుపు 1982లో. స్పాన్సర్ డబ్బు విలువ తెలిసేది ఇలాంటివాళ్ల దగ్గరే. హామిల్టన్ మాత్రం ఫీనిక్స్‌లో 43 నంబరు కారుతో, పేరున్న రేసింగ్ కుటుంబం పెట్టీల టీముకు 1983 తర్వాత తొలి గెలుపు తెచ్చాడు.

చదివేముందు పాయింట్ల లెక్క పట్టుకోండి. అప్పట్లో గెలిస్తే 175, రెండో స్థానానికి 170, తేడా ఐదే. రేసు మధ్యలో ఇంజిన్ పోయి అట్టడుగున పడితే నలభై లోపే. అందుకే 10 రేసులు గెలిచిన జెఫ్ గోర్డన్, రెండే గెలిచిన టెర్రీ లబోంటీకి 37 పాయింట్ల తేడాతో టైటిల్ వదిలేశాడు.

ఇంకో రెండు మాటలు: మలుపులో కారు ముక్కు తిరగక గోడవైపు పోతే 'టైట్', వెనక చక్రాలు జారితే 'లూజ్'. ఇవి రాకపోతే పిట్ (రేసు మధ్యలో కారు ఆపి టైర్లు, ఇంధనం చూసే చోటు) సంభాషణలు బుర్రకెక్కవు. ఫార్ములా వన్ ఒక్కటే చూసేవాళ్లకు మొదట్లో కాస్త ఓపిక కావాలి.