నాలుగు గంటలంటే పది గంటలా? లుషోటోలో మా లాడ్జి గొడవ

టాంజానియాలో ఉసంబర కొండల్లో ఉన్న లుషోటో వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను. గది తీసుకునేటప్పుడు ఎన్ని గంటలకు ఖాళీ చేయాలో, అది ఏ గడియారం ప్రకారమో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మినందుకు మాకు 15,000 షిల్లింగులు పోయాయి. మన లెక్కలో 500 రూపాయల దాకా. నెలకింతని ఇచ్చే భత్యంతో బతికే వాలంటీర్లకు అది మూడు రోజుల భోజనం.

టాంజానియాలో, కిలిమంజారో కింద ఉన్న మోషీలో ఐదు నెలలుగా ఉంటున్నాను. ఒక ప్రైమరీ స్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఇక్కడ ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి దాకా చదువు స్వాహిలీలో, ఆ పైన అంతా ఇంగ్లిష్‌లో. అందుకే ఏడో తరగతి పిల్లలకు బడి అయ్యాక కూడా క్లాసులు తీసుకుంటాం. పోయిన వారం సోమ, మంగళ, బుధ అలాగే గడిచిపోయాయి. బుధవారం రాత్రి బట్టలు సర్దుతుంటే ప్రీపెయిడ్ మీటర్లో కరెంటు అయిపోయింది. చీకట్లో ఫోన్ వెలుగులో ఇరవై అంకెల టోకెన్ నొక్కుకుని పడుకున్నాం.

గురువారం పొద్దున లుషోటో బస్సు. నాతో ఒకే ఇంట్లో ఉండే అక్క నర్సు. ఉసంబర కొండల్లోని పల్లెల్లో రెండు రోజులు కంటి పరీక్షల శిబిరం పెడుతున్నారు, రిజిస్టర్ రాయడానికి నువ్వూ రావాలంది. టికెట్ 18,000. దాని మీద సమయం 1:00 అని ఉంది, అంటే ఉదయం ఏడు. ఇక్కడ రోజు అర్ధరాత్రి మొదలవదు, సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఏడు వాళ్లకు ఒకటి, మన పది వాళ్లకు నాలుగు. వాళ్లు చెప్పినదానికి ఆరు కలుపుకుంటే సరిపోతుంది. ఇది మాకు బాగా తెలుసు. తెలిసి కూడా మోసపోయామన్నదే నా బాధ.

లాడ్జి గది ఇద్దరికీ కలిపి రోజుకు 30,000. వేడినీళ్లు ఉంటాయన్నారు, రెండు రోజులూ రాలేదు. లుషోటోలో రాత్రిళ్లు వణుకు పుడుతుంది, చన్నీళ్లతో స్నానం చేసి అక్కకు జలుబు పట్టుకుంది. అయినా సర్దుకున్నాం. రెండు రాత్రులకు 60,000 ముందే కట్టి, శనివారం ఎన్నింటికి ఖాళీ చేయాలని అడిగాను. కౌంటర్లో ఉన్నతను ఇంగ్లిష్‌లోనే నాలుగు గంటలకన్నాడు. మధ్యాహ్నం నాలుగేనా అని స్వాహిలీలో మళ్లీ అడిగాను. అవునన్నాడు.

శిబిరం బాగా జరిగింది. ముసలివాళ్లలో కొందరు అక్కడి భాష కిసంబాలో తప్ప మాట్లాడరు, ఒక బడిపిల్లాడు మా పక్కన నిలబడి ప్రతి మాటా స్వాహిలీలో చెప్పాడు. ఒక ముసలమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ముందు తన చేతి గీతలు చూసుకుంది, తర్వాత అక్క ముఖం చూసింది. ఆ సాయంత్రమంతా అక్క హుషారుగా ఉంది.

శనివారం పొద్దున ఇరెంటే వ్యూపాయింట్‌కు నడిచి వెళ్లాం. కొండ అంచు నుంచి కింద మాసాయి మైదానం కనుచూపు మేరా పరుచుకుని ఉంటుంది. తప్పకుండా చూడాలి, పొద్దున్నే వెళ్లాలి. ఒంటిగంటన్నరకు తిరిగొచ్చేసరికి మా సంచులు వరండాలో నేల మీద పడి ఉన్నాయి. అక్క మందుల పెట్టె వాననీళ్లలో తడిసింది. కౌంటర్లో వేరే మనిషి. సా న్నే, అంటే వాళ్ల నాలుగింటికి, మన పదింటికే ఖాళీ చేయాలి, ఇంకో రోజు అద్దె కట్టండి అన్నాడు. ముందు మాటిచ్చిన మనిషికి ఫోన్ చేయమంటే సెలవులో ఉన్నాడన్నాడు. అరగంట వాదించాను. సరే, కడతాం, మెషిన్ రశీదు ఇవ్వమన్నాను. అది పన్ను లెక్కకెక్కే రశీదు, ఇక్కడ చిన్నాచితకా వ్యాపారులు తప్ప అందరూ ఇవ్వాలని చట్టం. మెషిన్ పాడైందంటూనే 30,000ను 15,000కు దించాడు. న్యాయంగా అడిగే డబ్బయితే రశీదు మాట ఎత్తగానే సగమవుతుందా? ఇంకా నిలబడదామనుకున్నాను గానీ, అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇచ్చెయ్, పోదాం పద," అంది. ఇచ్చేశాను.

తలా 4,000 ఇచ్చి వ్యాన్‌లో మోంబోకు దిగాం. దారంతా అక్క మాట్లాడలేదు. హైవే పక్కన ఒక మామా లిషే, అంటే రోడ్డు పక్కన వండి పెట్టే ఆవిడ, మమ్మల్ని చూసి "పోలె" అంది. కష్టపడి వచ్చినవాళ్లను చూస్తే ఇక్కడ అనే మాట అది, అయ్యో పాపం అన్నట్టు. జగ్గుతో చేతుల మీద నీళ్లు పోసి, అన్నం, రాజ్మాలాంటి మహరాగే, కొబ్బరిపాలల్లో ఉడికించిన మ్చిచా పెట్టింది. మ్చిచా అంటే మన తోటకూరే! మొదటి ముద్దకే అక్క నా వైపు చూసింది. "అమ్మ చేసినట్టే ఉందిరా," అంది. కూర రెండోసారి వేయించుకుంది. భోజనం 2,500, రెండోసారి వేసిన కూరకు పైసా తీసుకోలేదు. మాంసం తిననివాళ్లు టాంజానియాలో ఏ ఊరికెళ్లినా హోటళ్లు వెతక్కండి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు లోపు ఇలాంటి పొయ్యి దగ్గరే కూర్చోండి. మేం వెళ్లేసరికి నాలుగు కావస్తోంది, అడుగున మిగిలిందే అంత రుచిగా ఉంది.

మోషీ బస్సు 12,000. రాత్రి పదికి దిగి, ఇంటికి బజాజి ఎక్కాం. మన బజాజ్ ఆటో పేరే ఇక్కడ ఆటోకు పేరైంది. ఆదివారం బట్టలు ఉతకడానికీ, పాఠాలు రాసుకోవడానికీ సరిపోయింది.

మిగతావాళ్లకు కళ్లద్దాలు ఇవ్వడానికి వచ్చే నెల మళ్లీ లుషోటో వెళ్లాలి. డిస్పెన్సరీ పక్కన 20,000 గది ఉందని అక్క అప్పుడే ఫోన్ చేసి కనుక్కుంది. ఖాళీ చేసే సమయం రెండు గడియారాల లెక్కలోనూ మెసేజ్ పెట్టించుకుంది.