కాలేజీ గోల్ఫ్ జట్టుకు సొంత కోర్సు మేలా, పది క్లబ్బుల కోర్సులు మేలా?

అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ జట్టుకు స్టిల్‌వాటర్‌లో కార్‌స్టెన్ క్రీక్ అనే సొంత కోర్సు, అంటే గోల్ఫ్ మైదానం ఉంది. కాలిఫోర్నియాలో, మాలిబూ కొండల మీదున్న పెప్పర్‌డైన్ యూనివర్సిటీకి కోర్సే లేదు. ఆ జట్టు చుట్టుపక్కల ఊళ్ల క్లబ్బులకు వెళ్లి సాధన చేస్తుంది. అయినా ఇద్దరూ జాతీయ విజేతలే: పెప్పర్‌డైన్ 2021లో, ఓక్లహోమా స్టేట్ 2025లో. వచ్చే సీజన్‌లో కాలేజీ జట్టులో చేరాలనుకునే పిల్లలు ఈ రెండు దారులనూ బాగా తూచి చూడాలి.

ముందు కార్‌స్టెన్ క్రీక్ సంగతి. టామ్ ఫాజియో రూపొందించిన ఈ కోర్సు 1994లో మొదలైంది. పింగ్ గోల్ఫ్ కర్రల తయారీదారు కార్‌స్టెన్ సోల్హైమ్ పేరే దానికి పెట్టారు. రెండు వైపులా దట్టమైన చెట్లు. ఫెయిర్‌వే, అంటే మధ్యలోని కత్తిరించిన గడ్డిబాట, దాటిన బంతి మీద ఆశ వదులుకోవాల్సిందే. రోజూ అక్కడ ఆడితే టీ షాట్ (ప్రతి హోల్‌లో మొదటి దెబ్బ) తిన్నగా కొట్టడం తప్పనిసరిగా వస్తుంది. అంతకు మించిన లాభం సమయం. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం సీజన్‌లో జట్టు సాధన వారానికి 20 గంటలు దాటకూడదు. దానికి తోడు చదువు, ప్రయాణాలు. అలాంటప్పుడు క్లాసు అవగానే వెళ్లి, ఎవరి అనుమతీ అడగకుండా చీకటి పడేదాకా చిప్పింగ్ (దగ్గర నుంచి బంతిని లేపి కొట్టడం), పటింగ్ (రంధ్రంలోకి దొర్లించడం) చేసుకోగలగడం గొప్ప వరం.

సొంత కోర్సు ఉంటే సొంతగడ్డ మీద గెలవచ్చు కదా అంటారు. లెక్క చూస్తే అది బలమైన వాదన కాదు. పురుషుల జాతీయ చాంపియన్‌షిప్ కార్‌స్టెన్ క్రీక్‌లో మూడుసార్లు జరిగింది. 2003లో క్లెమ్సన్ గెలిచింది. 2011లో అగస్టా స్టేట్ సెమీఫైనల్లో ఆతిథ్య జట్టునే ఓడించి కప్పు పట్టుకెళ్లింది. 2018లో మాత్రం ఓక్లహోమా స్టేట్ ఫైనల్లో అలబామాను 5-0తో ఓడించింది. కోర్సు తెరిచాక ఆ జట్టు గెలిచిన మిగతా టైటిళ్లన్నీ బయటి ఊళ్లలోనివే. 2025లో గెలిచింది కాలిఫోర్నియాలోని లా కోస్టాలో.

సీజన్ నడిచే తీరే అలాంటిది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఒక విడత, ఫిబ్రవరి నుంచి మరో విడత, మే నెలలో రీజినల్స్ అనే ప్రాంతీయ పోటీలు, ఆపైన చాంపియన్‌షిప్. మామూలు టోర్నమెంట్ అంటే మూడు రౌండ్లు, తరచూ మొదటి రోజే 36 హోల్స్, అంటే రెండు రౌండ్లు. దానికి ముందు దొరికేది ఒక ప్రాక్టీస్ రౌండ్. ఐదుగురు ఆడితే నాలుగు మంచి స్కోర్లు లెక్కలోకి వస్తాయి. కొత్త గ్రీన్ల (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వాలు, వేగం ఒక్క రౌండ్‌లో పసిగట్టగలవాడే జట్టును నిలబెడతాడు.

ఈ విద్య పెప్పర్‌డైన్ పిల్లలకు సాధనలోనే అబ్బుతుందని నా నమ్మకం. ఇవాళ ఒక క్లబ్బు, ఎల్లుండి ఇంకొకటి. సముద్రం పక్కన పోవా గడ్డి గ్రీన్ల మీద సాయంత్రానికి బంతి ఎగుడుదిగుడుగా దొర్లుతుంది; కికూయూ గడ్డిలో పడితే కర్ర తల అక్కడే చిక్కుకుంటుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ సాహిత్ తీగల ఆడింది ఈ జట్టుకే. 2020లో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ అతనికే వచ్చాయి. మన తెలుగు పేరున్న కుర్రాడు కాలేజీ గోల్ఫ్ శిఖరం మీద నిలబడటం నాకు ఎంతో గర్వంగా అనిపించింది.

ఆ దారిలో కష్టాలూ ఉన్నాయి. క్లబ్బు సభ్యులు ఆడుకోగా మిగిలిన వేళల్లోనే జట్టుకు చోటు. రోడ్డు మీద పోయే గంటలు చదువులోంచి, నిద్రలోంచి తగ్గుతాయి. స్టాన్‌ఫర్డ్‌ది మధ్యేమార్గం: 1930 నాటి సొంత కోర్సు, పక్కనే జట్ల కోసం ప్రత్యేక సాధనా స్థలం. ఆ వసతి అందరికీ దొరకదు.

హైదరాబాద్‌లో గోల్కొండ కోర్సు, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ తప్ప పెద్దగా వేరే చోట్ల ఆడని పిల్లలకు నేనైతే పెప్పర్‌డైన్ తరహానే చెబుతాను. వాళ్లకు లోటు స్వింగ్‌లో కాదు, రకరకాల నేలలు చూడకపోవడంలో. వెడ్జ్ (దగ్గరి షాట్లకు వాడే కర్ర), పటింగ్ ఇంకా కుదురుకోని పిల్లలకు మాత్రం సొంత కోర్సున్న జట్టే మేలు. వాళ్లకు కావాల్సింది గంటలు. అయితే ఒక చిక్కు: టోర్నమెంట్‌కు వెళ్లే ఐదుగురిని ఎంచే క్వాలిఫయింగ్ రౌండ్లు అదే కోర్సులో జరిగితే, ప్రతి గ్రీన్ తెలిసిన సీనియర్ల ముందు కొత్తవాళ్లకు గడ్డుకాలమే. అందుకే ఏ జట్టు కోచ్‌తో మాట్లాడినా, స్కాలర్‌షిప్ మాట అయ్యాక, క్వాలిఫయింగ్ ఎన్ని కోర్సుల్లో పెడతారో, చలికాలంలో పిల్లలు ఏ గడ్డి మీద పటింగ్ చేస్తారో తప్పకుండా అడగండి.